అనుబంధ చికిత్సలు అసలు చికిత్సను పక్కకు నెడితే బిడ్డకే నష్టం

శ్రీ విజయపురం: బిడ్డకు త్వరగా మాటలు రావాలని నాలుకపై వస రాయడం తెలుగు ఇళ్లలో తరతరాల ఆచారం. గలగలా మాట్లాడే పిల్లలను ‘వసపిట్ట’ అనడం ఆ నమ్మకాన్నే గుర్తుచేస్తుంది. అయితే వసలోని బీటా అసరోన్ అనే రసాయనం జంతువులపై జరిపిన పరీక్షల్లో క్యాన్సర్ కారకమని తేలడంతో, ఆహార పదార్థాల్లో వస వాడకాన్ని అమెరికా 1968లో నిషేధించింది. ఇప్పుడు వసకు తోడు సంగీత చికిత్స, బరువు దుప్పట్లు, ప్రత్యేక ఆహార నియమాలు, మూలకణాల చికిత్స కూడా తల్లిదండ్రుల ముందుకు వస్తున్నాయి. వీటిలో ఏది మేలు చేస్తుందన్న ప్రశ్న జంగ్లీఘాట్ వంటి చోట మరింత బరువైనది. ఉత్తరాంధ్ర తీరం నుంచి వచ్చి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలకు, విశాఖపట్నం ఆసుపత్రికి వెళ్లాలంటే విమాన ఖర్చో, రోజుల తరబడి ఓడ ప్రయాణమో తప్పదు.

అనుబంధ చికిత్సలన్నీ ఒకే కోవకు చెందవు. కాక్రేన్ సంస్థ 2022లో 26 అధ్యయనాలను సమీక్షించి, ఆటిజం ఉన్నవారి జీవన నాణ్యతను సంగీత చికిత్స మెరుగుపరచవచ్చని పేర్కొంది. మాట్లాడే సామర్థ్యం విషయంలో మాత్రం స్పష్టమైన ఆధారం దొరకలేదు. శబ్దాలు, స్పర్శ భరించలేని పిల్లలకు ఇచ్చే ఇంద్రియ ఆధారిత చికిత్సలు సమగ్ర ప్రణాళికలో ఒక భాగంగా ఉండవచ్చని, వాటిపై పరిశోధన పరిమితమేనని అమెరికా శిశువైద్యుల అకాడమీ 2012లో తెలిపింది. ఆటిజానికి మూలకణాల చికిత్సను సిఫార్సు చేయలేమని, దానిని ప్రచారం చేయడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అవుతుందని జాతీయ వైద్య కమిషన్ నైతిక విభాగం 2022లో స్పష్టం చేసింది.

అనుబంధం అంటే మరొకదానికి తోడుగా ఉండేది. ఆ మరొకటి వినికిడి పరీక్ష, స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ. అవి అందనిచోట తోడుగా ఉండవలసినదే అసలు చికిత్స స్థానాన్ని ఆక్రమిస్తుంది. డబ్బుతో పాటు, భాష వేగంగా అలవడే తొలి ఏళ్లూ చేజారిపోతాయి.

ద్వీపాల్లో దీనికి భాషా సమస్య తోడవుతుంది. 2011 జనగణన ప్రకారం అక్కడి జనాభాలో 13 శాతానికి పైగా తెలుగు మాతృభాషగా గలవారు. వీధిలో హిందీ, బడిలో ఇంగ్లీషు వినే బిడ్డకు మాట ఆలస్యమైతే, ఇంట్లో తెలుగు మానేయాలన్న సలహా తరచూ వినిపిస్తుంది. రెండు భాషలు వినడం మాట ఆలస్యానికి కారణం కాదని, ఆటిజం ఉన్న పిల్లలకూ అది హాని చేయదని పరిశోధనలు చెబుతున్నాయి. ఇంట్లో సాధన చేయించవలసింది తల్లి, తాత, నాయనమ్మలే. వారికి రాని భాషలో నేర్పిన పాఠం చికిత్స గది దాటి రాదు.

హక్కుల చట్రం ఇప్పటికే ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం, వాక్కు–భాషా వైకల్యం ఉన్నాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో భాషా ఆలస్యాన్ని కూడా పరీక్షించాలి. శ్రీ విజయపురంలో దివ్యాంగుల కోసం కేంద్ర ప్రభుత్వ సమగ్ర ప్రాంతీయ కేంద్రం కూడా ఉంది. ఇక చేయవలసింది ఈ సేవలను తెలుగులో అందించడం. స్థానికంగా నిపుణులు లేకుంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని తెలుగు చికిత్సకులను వీడియో ద్వారా కలపడం.

తల్లిదండ్రులు కొత్త చికిత్సకు డబ్బు కట్టేముందు మూడు ప్రశ్నలు అడగాలి. చికిత్సకుడు భారత పునరావాస మండలిలో నమోదయ్యారా? మూడు నెలల్లో ఏ మార్పును, ఎలా కొలుస్తారు? దీనికోసం ఇప్పుడు జరుగుతున్న స్పీచ్ థెరపీని ఆపమంటున్నారా? మూడో ప్రశ్నకు అవునన్న జవాబు వస్తే, అది అనుబంధ చికిత్స కాదు.