మునగాకు ప్యాకెట్ మీద మందు పేరు రాయొద్దు

మునగాకు నీడలో ఆరబెట్టి పొడి చేసే పద్ధతి వీడియోలో చూశారు కదా. ఆ పొడి అమ్మేటప్పుడు ప్యాకెట్ మీద ఏం రాయాలి అన్నదాని గురించి నా అభిప్రాయం చెప్తాను. ఈమధ్య చాలామంది "యాంటీఆక్సిడెంట్లు" అని పెద్దక్షరాలతో వేసి, కింద "షుగర్ తగ్గును, క్యాన్సర్ రాదు" అని కొట్టిస్తున్నారు. ఇది మన నెత్తిన మనమే మన్ను పోసుకోవడం.

అసలు సంగతి చూద్దాం. చెట్టు లేచి నీడకి పోలేదు. ఎండ, పురుగు, తెగులు, మన కోస్తా నేలల్లో అయితే ఉప్పు కూడా, అన్నీ నిలబడే తట్టుకోవాలి. అందుకే పాలీఫినాల్స్ అనే పదార్థాలు తయారు చేసుకుంటుంది. మునగాకులో క్వెర్సెటిన్, నేరేడు తోలులో ఊదారంగునిచ్చే ఆంథోసయనిన్లు, ఉసిరి, కరక్కాయల్లో వగరు టానిన్లు. కెనడా వాళ్లు ఎర్ర మేపుల్ ఆకుల్లో చూసి సంబరపడేదీ ఈ టానిన్ల కుటుంబాన్నే. మన గట్ల మీద వాటికి కరువు లేదు.

మరి ల్యాబ్‌లో ఏం చేస్తారు? డీపీపీహెచ్ అనే ఊదారంగు ద్రావణంలో ఆకు సారం కలుపుతారు. రంగు పోయి పసుపు పచ్చగా మారితే యాంటీఆక్సిడెంట్ గుణం ఉన్నట్టు. పరీక్ష నిజమే. కానీ అది గాజు గొట్టంలో జరిగింది, మనిషి ఒంట్లో కాదు. తిన్నదంతా రక్తంలోకి పోదు, పోయింది కూడా లివర్‌లో రూపం మారిపోతుంది. ఇట్టాంటి ల్యాబ్ అంకెలతో ఆహార పదార్థాలకు వేసిన పట్టికను అమెరికా వ్యవసాయ శాఖ 2012లో తన వెబ్‌సైట్ నుంచి తీసేసింది. కంపెనీలు ఆ అంకెల్ని అమ్మకాలకు వాడుకుంటున్నాయనీ, ఆరోగ్యానికి వాటితో సంబంధం తేలలేదనీ చెప్పింది.

ఫిన్లాండ్‌లో ఇంకో పరీక్ష జరిగింది. పొగతాగే మగవాళ్లు 29,133 మందిని తీసుకుని, కొందరికి బీటా కెరోటిన్ మాత్రలిచ్చారు. 1994లో ఫలితం వచ్చింది. మాత్రలు మింగిన వాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు సరికదా, 18 శాతం ఎక్కువైంది. అదే బీటా కెరోటిన్ మునగాకులోనూ ఉంది. కూరలో తింటే భయం లేదు. సారం తీసి మాత్రగా మింగడం వేరే లెక్క.

"అట్టా రాయకపోతే ఎవరు కొంటారన్నా?" అని అడుగుతారు. నిజమే, మార్కెట్ కష్టమే. కానీ ఆ మాట నమ్మి ఎవరో షుగర్ మాత్రలు మానేసి మన పొడి తాగితే, ఆ పాపం ఎవరిది? పైగా షుగర్, క్యాన్సర్ నయమవుతాయని ప్రకటించడం 1954 నాటి మందుల ప్రకటనల చట్టం ప్రకారం నేరం.

నా మాట ఇది. ప్యాకెట్ మీద మీ ఊరు, ఆకు కోసిన తేదీ, నీడలో ఆరబెట్టామని, రసాయనాలు వాడలేదని, ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు రాయండి. పప్పులో, కారప్పొడిలో ఎంత వేసుకోవాలో రాయండి. బెరడు అడిగే వ్యాపారికి మాత్రం అమ్మొద్దు. ఆకు తయారు చేసిన తిండి వేరుకి పోయేది బెరడు గుండానే. చుట్టూ ఒలిస్తే చెట్టు చచ్చిపోద్ది. ఆకు మళ్లీ చిగురిస్తుంది.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. వైద్యానికి వద్దు, కూరకి చాలు. మనం పండించేది తిండి. రసాయనాల్లేని తిండి అన్న మాట ఒక్కటే మనకున్న పెట్టుబడి. దాన్ని అబద్ధంతో కలిపి అమ్ముకోవద్దు.