మంచం దగ్గరికి డాక్టరే రావాలి

నడవలేవని తేల్చుకోవాలంటే ముందు ఆసుపత్రిదాకా రావాలట! వికలాంగుల సర్టిఫికెట్ల తంతు మన దగ్గర ఇట్లానే నడుస్తున్నది. పక్షవాతంతో మంచాన పడ్డ తల్లిని, పరంజా మీంచి పడి నడుము విరిగిన తాపీకూలీని, మెడ నిలబడని పసిపిల్లను క్యాంపుకు తెమ్మంటారు. ఎట్లా తేవాలో మాత్రం ఎవరూ చెప్పరు.

లెక్క చూడండి. బస్సెక్కలేని మనిషికి ఆటో మాట్లాడాలి. ఎత్తి దించడానికి ఇద్దరు కావాలి. ఆ ఇద్దరి కూలీ పోతుంది. క్యాంపులో టోకెను, వరుస, పడిగాపులు. మూత్రం సంచీ తగిలించుకున్న మనిషి వరండాలో నేలమీద పడుండాలి. ఆరోజు ఎముకల డాక్టరు రాలేదంటే మళ్లీ తేదీ, మళ్లీ ఆటో, మళ్లీ అప్పు. బడిపంతుళ్లం మాకు కనపడేది ఇంకొకటుంది. క్యాంపు రోజున బడి మానేది ఆ ఇంటి ఆడపిల్లే.

ఈ బాధ అందరిదీ అంటారు. నిజమే, కానీ బరువు అందరికీ ఒకటి కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 2 కోట్ల 68 లక్షల మంది వికలాంగులు. మొత్తం జనాభాలో వాళ్లు 2.21 శాతమైతే షెడ్యూల్డు కులాల్లో 2.45 శాతం. మూటలు మోసేదెవరు, మురికిలో దిగేదెవరు, రోగం ముదిరాకగానీ ఆసుపత్రి మొహం చూడనిదెవరు అని అడిగితే ఆ తేడా ఎక్కడిదో అర్థమవుతుంది. కారున్నవాడు కారులో వస్తాడు. వాడ చివర ఇల్లున్నవాడిని మంచంతో సహా మోసుకుని రోడ్డెక్కించాలి.

ఆ కాగితం లేకపోతే ఏం పోతుంది? బతుకే పోతుంది. 40 శాతం వైకల్యం ఉందని రాసిస్తేనే పింఛను. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వికలాంగులకు నెలకు 6,000 రూపాయలు, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 15,000. తెలంగాణలో 2023లో 4,016కు పెంచారు. వైకల్యం ఎంత ఎక్కువైతే అవసరం అంత ఎక్కువ. కానీ వైకల్యం ఎంత ఎక్కువైతే క్యాంపుకు చేరడం అంత కష్టం. అందరికన్నా ముందు అందాల్సినవాడు అందరికన్నా వెనక పడుతున్నాడు. ఇదీ ఈ పద్ధతిలో ఉన్న అన్యాయం.

'డాక్టరు ఇంటింటికీ తిరుగుతాడా?' అని ఆఫీసులో ఎగతాళి చేస్తారు. తిరిగారు గదా! 2024 ఎన్నికల్లో 85 ఏళ్లు దాటినవాళ్లు, 40 శాతం వైకల్యమున్నవాళ్లు అడిగితే పోలింగు సిబ్బంది ఇంటికొచ్చి ఓటు వేయించుకుపోయారు. ఆంధ్రప్రదేశ్‌లో పింఛను డబ్బు ఇంటి గడప దగ్గరే ఇస్తున్నారు. అంతెందుకు, 2025 జనవరిలో 15,000 పింఛను తీసుకునేవాళ్లు నిజంగా మంచంమీదే ఉన్నారా అని తేల్చడానికి వైద్య బృందాలు ఇళ్లకే వెళ్లాయి. ఆ ఏడాది ఆగస్టులో ఎంతోమందికి నోటీసులొచ్చాయి, గోల లేచాక అప్పీలు చేసుకోమన్నారు. అనర్హులను ఏరవద్దని మేం అనడం లేదు. కోత పెట్టడానికి దారి దొరికిన డాక్టరుకు, ఇవ్వడానికి దారి దొరకదా అని అడుగుతున్నాం.

చట్టం మన పక్షాన ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 3వ సెక్షను వికలాంగుల అవసరాన్ని బట్టి తగిన సర్దుబాటు చేయాల్సిన బాధ్యత ప్రభుత్వం మీద పెట్టింది. మనిషి రాలేకపోతే పద్ధతి మార్చుకోవాలి, అంతే. 25వ సెక్షను పల్లెల్లో దగ్గర్లోనే వైద్యం అందాలంటుంది. సర్దుబాటు నిరాకరించడం వివక్షేనని 2021లో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఇది దయాధర్మం కాదు, హక్కు.

మరి ఏం చేయాలి? నోటిమాటతో అడిగితే నోటిమాటతోనే పంపేస్తారు. కాగితం రాయండి. ముందు మామూలుగా సర్టిఫికెట్టుకు దరఖాస్తు పెట్టి నంబరు తీసుకోండి. తర్వాత ఆసుపత్రి సూపరింటెండెంటుకు ఒకటి, కలెక్టరుకు ఒకటి అర్జీ ఇవ్వండి. అందులో నాలుగు మాటలు చాలు: 'మంచంమీంచి లేవలేని స్థితి. కదిలిస్తే పుండ్లు రేగుతాయి, ఊపిరాడదు. 2016 చట్టం ప్రకారం మా ఇంటి దగ్గరే పరీక్ష చేయించండి. కుదరదంటే కారణం రాసివ్వండి.' కదిలిస్తే ఏమవుతుందో ఉన్నదున్నట్టు రాయాలి, పెంచి రాయొద్దు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు చీటీ, పాత ఆసుపత్రి కాగితాలు, మంచంమీది ఫొటో జతచేయండి. సంతకం రానివాళ్లు వేలిముద్ర వేయొచ్చు. రసీదు లేకుండా కాగితం ఇవ్వొద్దు.

సర్టిఫికెట్టుకు 2017 నిబంధనల్లో నెల గడువుంటే 2024 సవరణలో దాన్ని మూడు నెలలు చేశారు. ఆ మూడు నెలలన్నా లెక్కపెట్టండి. జవాబు రాకపోతే సోమవారం కలెక్టరేటులో మళ్లీ అర్జీ, సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు, రాష్ట్ర వికలాంగుల కమిషనరుకు ఫిర్యాదు. శాతం తక్కువ వేశారనుకుంటే 59వ సెక్షను కింద అప్పీలు ఉంది.

చెవిటితనం, చూపు లాంటివి మిషన్ల మీదే తేలాలి, ఆ మిషన్లు గుడిసెలోకి రావన్నది నిజం. అట్లాంటప్పుడు అంబులెన్సు పంపి, ముందే టైము చెప్పి, వరుస లేకుండా చూసి పంపాలి. కానీ చచ్చుబడ్డ కాళ్లు చూడటానికి డాక్టరు కళ్లూ చేతులే చాలు. డాక్టర్లు తక్కువంటారా? నెలకొక రోజు, మండలానికొక బండి అడుగుతున్నాం.

కార్యకర్తలు ఈ పదిహేను రోజుల్లో ఒక పని చేయాలి. మీ వాడలో, పక్క గూడెంలో, ఏ కులమైనా సరే, మంచాన పడి సర్టిఫికెట్టు లేనివాళ్ల పేర్లు రాయండి. ఒక్కొక్కరు వెళితే తోసేస్తారు, ఇరవై అర్జీలు ఒకేరోజు పడితే రిజిస్టరులో ఎక్కించక తప్పదు. ఓటుకు మన గడప తొక్కినవాళ్లను హక్కు ఇవ్వడానికీ తొక్కమనాలి.