గాలం వేసే ముందు

సంక్రాంతి దాటి రెండు రోజులు సెలవు కలిసివచ్చిందంటే, మన హోసూరు ఇళ్ళలో చేపల షికారు మాట రాక మానదు. అటకమీది గాలపు కర్ర కిందికి దిగుతుంది. "తాతా, డ్యాముకు పోదామా?" అని మనుమడు గంతులు వేస్తాడు. వంటింట్లోనుంచి మాత్రం, "యే డ్యాముకు?" అని ఒక ప్రశ్న వస్తుంది. అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది ఆ ప్రశ్నే సుమండీ! కర్ర, దారం, ఎర అంతా తర్వాతి మాట.

దగ్గరిది కెలవరపల్లి. పొద్దున వెళ్ళి భోజనం వేళకు ఇంటికి రావచ్చు. నిండితే 44 అడుగుల నీరు నిలుస్తుంది, చేపలూ లేకపోలేదు. అయినా అక్కడ పట్టిన చేపను ఇంటికి తెచ్చి వండుకోమని నేను చెప్పలేను. యెందుకంటే ఆ నీరు యెక్కడినుంచి వస్తోందో చూడండి. మన పెద్దలు దక్షిణ పినాకిని అన్న యేరు నందిదుర్గం కొండల్లో పుట్టి, బెంగుళూరు పక్కగా దిగి మన సీమలోకి వస్తుంది. తమిళులు దీన్నే తెన్‌పెణ్ణై అంటారు. బెంగుళూరు మురుగు బెళ్ళందూరు చెరువులోనూ, అక్కడినుంచి వర్తూరు చెరువులోనూ పడి, చివరకు యీ యేట్లోనే కలుస్తుంది. బెళ్ళందూరు చెరువుమీద 2015లోనూ, 2017లోనూ, తిరిగి 2018లోనూ మంటలు లేచిన సంగతి పత్రికలు చదివేవారికి గుర్తే. నీళ్ళమీద నిప్పు! ఆ నీటి శేషమే మన వాకిటికి వస్తున్నది. వానలు పడి తలుపులు ఎత్తినప్పుడు కెలవరపల్లి దిగువన తెల్లని నురుగు కొండలా పేరుకొని రోడ్డుమీదికి రావడం యెన్నో యేళ్ళుగా చూస్తున్నాము. పిల్లలు దాన్ని మంచు అనుకొని చేతులు పెడతారు. పెట్టనివ్వకండి.

అంచేత నా ఓటు కృష్ణగిరి డ్యాముకు. హోసూరునుంచి బస్సులో కృష్ణగిరికి గంట, గంటంబావు. అక్కడినుంచి ధర్మపురి దారిలో కొంత దూరం పోతే డ్యాము. ఇది 1957లో, కామరాజుగారు ముఖ్యమంత్రిగా వున్న రోజుల్లో ప్రారంభమయింది. సుమారు 9,000 ఎకరాలకు నీరిస్తుంది.

"అదీ అదే యేరు కదా!" అని మీరు అడగవచ్చు. అదే యేరు. కాని అంతదూరం పారి, దారిలో వాననీటితో కలిసి, వేపనపల్లి వైపునుంచి వచ్చే మార్కండేయనది నీటినీ కలుపుకొని చేరుతుంది. పూర్తిగా కడిగినట్టు అయిందని నేను అనను. నీటిమీద నురుగు గాని, దుర్వాసన గాని, తేలిన చేపలు గాని కనిపిస్తే గాలం చుట్టి వెనక్కు రండి. పట్టిన చేపకు మొప్పలు, కాలేయం, పేగులు వగైరా అన్నీ తీసి పారవేయండి. లోహపు విషాలు కండలోకంటే వాటిలోనే యెక్కువగా చేరతాయి. చేప తలకాయ పులుసు అంటే ప్రాణం పెట్టే పెద్దలు నన్ను క్షమించాలి. పసివాళ్ళకూ, కడుపుతో వున్న ఆడపిల్లలకూ మాత్రం ఆ పులుసు వద్దు.

ఇక చేపల సంగతి. డ్యాములో గాలానికి పడే బొచ్చె, రోహు, మృగాల యిక్కడ పుట్టి పెరిగినవి కావు. నిలవ నీటిలో యివి గుడ్లు పెట్టవు. వరద యేరు కావాలి. పూర్వం చేపపిల్లలను నదుల్లో పట్టి తేవలసి వచ్చేది. 1957 జూలై 10న ఒడిషాలో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రజ్ఞుడు, చేప మెదడు కిందనుండే పీయూష గ్రంథి రసాన్ని తల్లిచేపకు సూదితో యెక్కించి, నిలవ నీటిలోనే గుడ్లు పెట్టించాడు. మన డ్యాము ప్రారంభమైన సంవత్సరమే అది! ఆ దినాన్ని నేడు దేశమంతటా చేపల రైతుల దినంగా జరుపుకుంటున్నారు. కృష్ణగిరి డ్యాము దగ్గర ప్రభుత్వపు చేపపిల్లల క్షేత్రం వున్నది. బారూరులో మత్స్య విశ్వవిద్యాలయం వారి కేంద్రం వున్నది. వీలైతే పిల్లలకు అవీ చూపించండి.

యిదంతా యెందుకు చెబుతున్నానంటే, డ్యాములోని చేప దేవుడి సొత్తు కాదు. ఎవరో పిల్లలు వదిలారు, ఎవరో హక్కు కట్టి పుట్టిమీద వలవేసి బతుకుతున్నారు. అందుచేత ముందుగా కృష్ణగిరి మత్స్యశాఖ కార్యాలయంలో అనుమతి అడగండి. గట్టుమీద జాలరులు కనబడితే, "అన్నా, యిక్కడ గాలం వేసుకోవచ్చునా?" అని ఒక మాట అడిగితే పోయేదేమీ లేదు; చేపలు యెక్కడ మేస్తున్నాయో కూడా వారే చెబుతారు. జానెడు కూడా లేని బొచ్చెపిల్ల పడితే తడిచేత్తో పట్టి నీటిలో వదలండి.

జిలేబీ చేపకు మాత్రం యీ మర్యాద అక్కరలేదు. ఆఫ్రికానుంచి వచ్చింది; 1952లో మన దేశంలో అడుగుపెట్టి ప్రతి చెరువులోనూ కాపురం పెట్టేసింది. తల్లి గుడ్లను నోట్లోనే పెట్టుకొని పొదుగుతుంది. చిన్న గాలం, ఒక వానపాము ముక్క చాలు. మొదటిసారి కర్ర పట్టిన పిల్లవాడికి కూడా పడుతుంది. బొచ్చె పైనీటిలో మేస్తుంది, రోహు నడుమ, మృగాల, బంగారుతీగ అడుగున. బెండును ఆ లెక్కన జరపాలి. ఎరకు మనింటి రాగి ముద్దను మించింది లేదు. గట్టిగా వండి, కొంచెం వేరుసెనగ చెక్క కలిపి, గోలీలంత వుండలు చేయండి. కావేరిలో మహసీరును పట్టిన దొరలు కూడా యీ రాగి ముద్దనే వాడేవారు.

మహసీరు మాట వచ్చింది గనుక చెబుతున్నాను. 1946లో కబినిలో 120 పౌన్ల మహసీరు గాలానికి పడిందట! అది విని అంచెట్టి అడవి దాటి కావేరికి పోదామనుకోకండి. అక్కడి అడవి 2014నుంచి ఉత్తర కావేరి అభయారణ్యం. మూపున గూని వున్న ఆ కావేరి మహసీరు పూర్తిగా అంతరించే దశకు వచ్చిందని 2018లో ప్రపంచ పట్టికలో చేర్చారు.

వానల్లో, వరదల్లో వెళ్ళకండి. కొత్తనీరు బురదగా వుంటుంది, గట్టు జారుతుంది. సంక్రాంతికీ శివరాత్రికీ నడుమ మంచిది. తెల్లవారుతూనే గట్టుమీద వుండాలి. తలుపుల దిగువన మాత్రం యెప్పుడూ కూర్చోవద్దు. 2017 నవంబరులో యీ డ్యాము తలుపు ఒకటి విరిగి నీరు వూడిపడింది. ఈత రాని పిల్లలను పుట్టి ఎక్కించవద్దు, జాలరి యెంత నేర్పరి అయినా సరే.

చేపలు పడకపోతే డ్యాము దగ్గర వేపుడు అంగళ్ళున్నాయి, ఆకలికి లోటులేదు. పచ్చి చేప కొనుక్కువచ్చి, మేమే పట్టామని చెప్పే తండ్రులు మనలో కొందరున్నారు. వారికి ఒక రహస్యం: వలలో పడ్డ చేప మూతిమీద గాలపు గాటు వుండదు. వంటింటివారు ముందు చూసేది అదే.