ఇంట బస: అనుమతి పత్రము ఎవరి పేర?

వైశాఖము వచ్చినదనగా మా నూజివీటి ప్రాంతమునకు చిన్నరసములకును పెద్దరసములకును ఆసపడి వచ్చువారు మెండు. ఆగిరిపల్లి మొదలు విస్సన్నపేట వఱకు తోటలే గదా! రెండు దినములు తోటలో నుండి, చెట్టున దింపిన పండు తిని పోవలెనని పట్టణవాసులకు కోరిక. ఇదిగాక, 2008లో ఇచ్చట ట్రిపుల్ ఐటీ వెలసినది మొదలు, పిల్లలను చేర్పింప దూర జిల్లాలనుండి వచ్చు తలిదండ్రులకు రాత్రి బస కావలసియున్నది. ఇట్టివారికి రెండు గదులు విడిచి అద్దె పుచ్చుకొందమా, అందులకు అనుమతి యేమైన కావలెనా అని మా పొరుగు గృహిణులు కొందఱు మమ్ము నడిగిరి.

అతిథి యనగా ఒక్క రాత్రి నిలుచువాడని ధర్మశాస్త్రకారుల నిర్వచనము. రూకలు చేత బడినప్పుడు ఆ మాట చెల్లదు. ఆతడు బసకాడు, మనము బస నిచ్చువారము. నడుమకు ప్రభుత్వమువారు వత్తురు. ఇది క్రొత్తయు గాదు. 1867 నాటి సరాయిల చట్టమే సత్రము నడుపువాడు తన పేరు మేజిస్ట్రేటు కడ నమోదు చేయించుకొనవలెననియు, గదులు నూతులు శుభ్రముగా నుంచవలెననియు, బసచేసినవారికి అంటురోగము సోకినచో ఠాణాకు తెలుపవలెననియు విధించినది.

ఇప్పుడు కేంద్ర పర్యాటక శాఖవారి ‘ఇన్‌క్రెడిబుల్ ఇండియా’ హోమ్‌స్టే పథకమొకటి కలదు. ఒక గది మొదలు ఆఱు గదుల వఱకు, పండ్రెండు పడకలకు మించకుండ ఇయ్యవచ్చును. ఇండ్లను స్వర్ణము, రజతము అని రెండు తరగతులుగా నేర్పఱచిరి. రజతమునకు గది 120 చదరపు అడుగులైన నుండవలెను, స్వర్ణమునకు 200. గదికి బయటి గాలి రావలెను, చెమ్మ యుండరాదు, చీమలు పురుగులు చేరరాదు. (మా వైపు ఇండ్లలో కాయ మగ్గవేయు గది యేదియో, చుట్టములకిచ్చు గదియు తఱచుగా నదియే. గడ్డి తీసి కడిగినను ఈగ వదలదు. ఆ గది నిచ్చు తలపు మానుకొనుడు.) వచ్చిపోవువారి వివరములకు చిట్టా యుంచవలెను. రాష్ట్ర పర్యాటక శాఖవారి నియమములను, పురపాలక సంఘము లేక పంచాయతీవారి నియమములను కూడ విచారించుట మంచిది.

విదేశీయులు బసచేసినచో 24 గంటలలో ప్రభుత్వమునకు తెలుపవలెను. 2025 సెప్టెంబరు 1న అమలునకు వచ్చిన క్రొత్త చట్టమును ఈ బాధ్యతను బస నిచ్చువారిపైననే యుంచినది. అమెరికా పౌరసత్వము పొందిన తెలుగు బిడ్డ వచ్చి మన భాషయే మాటాడుచున్నను, చట్టము దృష్టికి విదేశీయురాలే. మనవారే గదా యని యూరకుండరాదు.

ఇంతకును అసలైన నిబంధన వేఱొకటి. ఇంటి యజమాని కుటుంబముతో ఆ యింటనే కాపురముండవలెను. ఊరిలో నుండి, తోటలోని యింటి తాళముచెవి ఎవరికో యిచ్చి పంపుట ఈ పథకము క్రిందికి రాదు. ఇతర దేశములందును ఇదే గీత గీయుచున్నారు. న్యూయార్కు నగరమున 2023 సెప్టెంబరు నుండి, 30 దినములకు తక్కువగా గది నిచ్చు గృహస్థుడు పేరు నమోదు చేయించుకొని, తానును అందే యుండవలెను. ఇద్దఱికి మించి చేర్చుకొనరాదు. బార్సిలోనావారు 2028 నాటికి యాత్రికుల అద్దె యిండ్ల అనుమతులన్నియు ముగింపనెంచితిమని 2024లో ప్రకటించిరి. ఇండ్లన్నియు యాత్రికుల పాలై ఊరివారికి కాపురమునకు ఇల్లు దొరకకుండుటయే కారణము.

నిబంధన మంచిదే. కాని యింటనే యుండవలసిన ఆ కుటుంబమనగా నెవరు? యజమాని పొలమునకో, కొలువునకో పోవును. తలుపు తీయునది, దుప్పట్లుదుకునది, తెల్లవారకమునుపే కాఫీ పెట్టునది ఎవరో చెప్పనక్కఱలేదు. ఎందఱు వచ్చినను వంటకు విసుగనిదని ప్రవరుని యిల్లాలిని పెద్దన మెచ్చెను. ఆమె వండినది ధర్మమునకు. ఇచ్చట వండునది వెలకు. వెల యున్నచోట లెక్కయు నుండవలెను. దరఖాస్తుపై పేరు, బ్యాంకి ఖాతాపై పేరు ఇల్లాలికి లేకున్నచో, చాకిరి ఆమెది, ఆదాయము వేఱొకరిది యగును. 2025-26 కేంద్ర బడ్జెటులో హోమ్‌స్టేలకు ముద్రా ఋణములిత్తుమనిరి. అప్పు పత్రమునకు సంతకము కావలసివచ్చినప్పుడు ఇల్లాలిని పిలుచుట ఎల్లరకును జ్ఞాపకమే యుండును!

కావున సోదరీమణులారా, ఇంటి దస్తావేజు మగవారి పేరనే యున్నను, అనుమతి మీ యిరువురి పేర పొందవీలగునా యని మొదట విచారింపుడు. అది పొసగకున్నచో అద్దె సొమ్మైన మీ ఖాతాలో పడునట్లు ముందుగనే మాట తీసికొనుడు. గుర్తింపు పత్రము చూపనివానికి గది లేదనుటకు మీకు చెల్లవలెను. ఇంట నొంటిగా నుండునది మీరే గనుక, ఆ మాట వాకిట నిలిచి మీరే చెప్పగలుగవలెను.

దరఖాస్తు మాత్రము మామిడి పూతనాడే పెట్టుడు. అధికారులు వచ్చి గదులు చూచి పోవలెను గదా. కాయ కోతకు వచ్చిన పిమ్మట ఇంటిలో నెవరికిని తీఱిక యుండదు.