చొక్కా చేతులు మడవండి

నాకు సోరియాసిస్ మొదలై పదకొండేళ్ళు. మోచేతుల మీదా, తల్లోనూ పొలుసులు. ఆఫీసుకి నల్ల చొక్కా వేసుకోను, మే నెలలో కూడా ఫుల్ హ్యాండ్సే. ఎవరైనా చూస్తే చాలు, అడక్కముందే "అంటుకోదండీ" అని చెప్పేస్తాను. ఇన్నేళ్ళూ నా బాధంతా పైకి ఎలా కనబడుతోందనే. లోపలేం జరుగుతోందో ఎప్పుడూ ఆలోచించలేదు.

మొన్నామధ్య ఆఫీసు వాళ్ళు ఏడాదికోసారి చేయించే హెల్త్ చెకప్‌లో బీపీ 146/94 వచ్చింది. "రిలీజ్ టెన్షనండీ" అన్నాను. డాక్టరు గారు బీపీ పట్టీ విప్పుతూ నా మోచెయ్యి చూసి, "సోరియాసిస్ కదా? కొలెస్ట్రాల్ ఎప్పుడు చూపించుకున్నారు?" అన్నారు. మోచేతికీ కొలెస్ట్రాల్‌కీ ఏంటి లింకు?

ఇంటికొచ్చి చదివితే ఉందని తెలిసింది. సోరియాసిస్ రోగనిరోధక వ్యవస్థకి సంబంధించిన జబ్బు. మన భాషలో చెప్పాలంటే బగ్ బ్యాక్ ఎండ్‌లో ఉంది, ఫ్రంట్ ఎండ్‌లో కనబడుతోంది. చర్మాన్ని ఎర్రబరిచే ఆ ఇన్‌ఫ్లమేషనే రక్తనాళాల్లో కొవ్వు పేరుకోడానికీ తోడ్పడుతుంది. బ్రిటన్ రోగుల రికార్డుల మీద 2006లో ఒక అధ్యయనం వచ్చింది. బీపీ, షుగరు, సిగరెట్ల ప్రభావం పక్కన పెట్టి చూసినా, తీవ్రమైన సోరియాసిస్ ఉన్న 30 ఏళ్ళవాళ్ళకి గుండెపోటు రిస్కు ఆ వయసు మిగతావాళ్ళకంటే సుమారు 3 రెట్లు. జబ్బు తక్కువగా ఉంటే 1.3 రెట్లు. కంగారు పడకండి. ముప్ఫైలో గుండెపోటు అరుదు, అరుదైనదానికి మూడు రెట్లన్నా తక్కువే. కానీ మనం ముప్ఫైలోనే ఆగిపోం కదా!

అమెరికన్ హార్ట్ అసోసియేషన్ తదితర సంస్థలు 2018లో ఇచ్చిన కొలెస్ట్రాల్ మార్గదర్శకాల్లో, రిస్కు పెంచే అంశాల జాబితాలో సోరియాసిస్ ఉంది. అదే జాబితాలో దక్షిణాసియా మూలాలు కూడా ఉన్నాయి. అంటే హైదరాబాదులో ఉన్నా, డాలస్‌లో ఉన్నా నాకు రెండు టిక్కులు. రోజుకి పదిగంటలు కుర్చీలో కూర్చోవడం, అర్ధరాత్రి కాల్సు, వీకెండ్ బిర్యానీ అదనం.

నా కోపమల్లా ఒకటే. పదకొండేళ్ళలో ముగ్గురు చర్మం డాక్టర్లు నాకు ఆయింట్‌మెంట్లు రాశారు, ఒక్కరూ బీపీ చూడలేదు. సోరియాసిస్‌కి వాడే మాత్రల్లో సైక్లోస్పోరిన్ బీపీని పెంచగలదు, అసిట్రెటిన్ ట్రైగ్లిజరైడ్లని పెంచగలదు. అలాంటప్పుడైనా ఈ రెండు విభాగాలూ మాట్లాడుకోవాలా వద్దా? చెకప్ ఫారంలో సిగరెట్లకి గడి ఉంది, చర్మానికి లేదు.

అలాగని తప్పంతా వాళ్ళదేనా? మా నాన్నగారికి 54 ఏళ్ళకే స్టెంటు వేశారు. ఆ సంగతి నేను ఏ చర్మం డాక్టరుకీ చెప్పలేదు. మామూలు డాక్టరు దగ్గరికెళ్తే చొక్కా చేతులు కిందకి లాక్కునేవాణ్ణి. రెండువైపులా సమాచారం చేరవేయాల్సిన ఇంటర్‌ఫేసు నేనే, పనిచెయ్యనిదీ నేనే.

ఇప్పుడు బీపీకి మాత్ర వేసుకుంటున్నాను, రోజూ సాయంత్రం నడుస్తున్నాను, కొలెస్ట్రాల్ మీద డాక్టరు గారి కన్నుంది. మీలో ఎవరికైనా ఈ పొలుసులుంటే నా మాట వినండి. ఆఫీసులో ఎలాగూ దాచుకుంటాం, కనీసం బీపీ చూసే డాక్టరు ముందైనా చొక్కా చేతులు మడవండి.