రామగుండంల మనుషులు పెరగలేదు, గీత పెరుగుతున్నది

పోస్టు జర పొడుగున్నది. తీరుబడిగ సదువుండ్రి, తప్పుంటే కింద రాయుండ్రి.

మొన్న చాయ్ హోటల్ కాడ ఒక పిలగాడు అన్నడు, "మన ఊరు కార్పొరేషన్‌ల కలిస్తే మంచిదే కదా మామా, ఎకరం రేటు డబులైతది" అని. పక్కన కూసున్న నలుగురు అవునంటే అవునన్నరు. ఆ మాట ప్లాట్లు చేసి అమ్ముకునేటోడు అంటే నేను పట్టించుకోకపోదు. కానీ ఆ పిలగానికి ఉన్నదే ఎకరంన్నర. కొన్ని ఊర్లను ఇప్పటికే కలిపిండ్రు, రేపు మన వంతు రావచ్చు. అందుకే రాస్తున్న.

ముందుగాల మనం కలుస్తమంటున్న ఆ పట్నం ఏందో చూద్దాం. వరంగల్, కరీంనగర్ లెక్క నడుమ ఒక బజారు ఉండి, దాని చుట్టూ మెల్లగ పెరిగిన ఊరు కాదు రామగుండం. రైల్వే స్టేషన్ కాడ పాత రామగుండం ఒక దిక్కు. ఎన్టీపీసీ, దాని జ్యోతినగర్ ఒక దిక్కు. ఎరువుల ఫ్యాక్టరీ కోసం కట్టిన ఎఫ్‌సీఐ క్వార్టర్లు ఇంకో దిక్కు. గని పెట్టినంక పుట్టిన గోదావరిఖని, దాని పక్కన ఎయిట్ ఇంక్లైన్ కాలనీ మరో దిక్కు. కంపెనీలు ఎవలకు వాళ్లు కట్టుకున్న కాలనీలను ఒక్క గీతతోని చుట్టి కట్టిన మూట ఇది. ఆ కాలనీల నడుమ ఉన్నదేంది? ఓపెన్‌కాస్ట్ బొందలు, మట్టి గుట్టలు, బూడిద చెరువు, కంపెనీల ప్రహరీ గోడలు.

ఇగ మనుషుల లెక్క. 2001 జనాభా లెక్కల్లో రామగుండం జనం 2 లక్షల 35 వేలకు పైన. 2011కు వచ్చేసరికి 2,29,644. పదేండ్లలో రాష్ట్రంల ఎన్నో పట్నాలు ఉబ్బుతుంటే మన పట్నం తగ్గింది. తగ్గుతున్న ఆ సమయంలనే, 2009ల, దాన్ని మున్సిపాలిటీ నుంచి కార్పొరేషన్ చేసిండ్రు. బోర్డు పెద్దగైంది, జనం తక్కువైండ్రు.

ఎందుకు తగ్గిండ్రు? ఇది మన కండ్ల ముందట జరిగిందే. ఎరువుల ఫ్యాక్టరీ 1999ల మూతబడ్డది, క్వార్టర్లు ఖాళీ అయినయి. సింగరేణిల ఒకప్పుడు మొత్తం మీద లక్షకు పైన కార్మికులు ఉండె, ఇప్పుడు నలభై వేల చుట్టు ఉన్నరు. భూమి లోపలి గనికి మనుషులు కావాలె. ఓపెన్‌కాస్టుకు డంపర్లు, షావల్‌లు కావాలె. భూమి మాత్రం లోపలి గని కన్న ఎన్నో రెట్లు కావాలె. అంటే బొగ్గు తవ్వుడు మారినంక ఈ పట్నానికి మనుషుల అవసరం తగ్గింది, భూమి అవసరం పెరిగింది. నేను చెప్పేదంతా ఈ ఒక్క మాటలనే ఉన్నది.

మన లెక్కల చెప్పుకుందాం. 2011 నాటి రామగుండం దాదాపు 94 చదరపు కిలోమీటర్లు, అంటే 23 వేల ఎకరాల పైచిలుకు. మనుషులను పంచితే ఎకరానికి పది మంది. అదే లెక్కల హైదరాబాద్ జిల్లాల ఎకరానికి డెబ్బై మందికి పైన ఉన్నరు. ఎకరానికి పది మంది ఉన్న పట్నానికి జాగ సరిపోలేదంటే నమ్ముదామా? ఉన్న జాగల జనం నిండలేదు, ఇంకా మన పొలాలెందుకు?

"పట్నంల కలిస్తే పైసలొస్తయి" అనేటోళ్లకు చట్టం సంగతి చెప్త. రేపు గనికో, రోడ్డుకో, లైనుకో మన భూమి తీసుకోవాలంటే 2013 భూసేకరణ చట్టం ఉన్నది. దాని మొదటి షెడ్యూలు చూడుండ్రి. పట్నంల భూమికి మార్కెట్ విలువను 1 తోని గుణిస్తరు. పల్లెల భూమికి 1 నుంచి 2 దాక, పట్నానికి ఎంత దూరముందో దాన్ని బట్టి రాష్ట్ర ప్రభుత్వం అంకె పెడ్తది. ఆ వచ్చినదాని మీద ఇంకో నూటికి నూరు కలుపుతరు. ఎకరం విలువ 10 లక్షలు అనుకో. పట్నంల అయితే 20 లక్షలు. పల్లెల అంకె 2 ఉంటే 40 లక్షలు. పట్నం హద్దు జరిగి మనకు దగ్గరైతే, కలవని పక్క ఊరికి కూడ ఆ అంకె తగ్గే ప్రమాదం ఉన్నది. రిజిస్ట్రేషన్ విలువ పెరుగుతది కదా అంటరు. పెరగొచ్చు. కానీ సగం పోయిన గుణకాన్ని పూడ్చాలంటే విలువ రెండింతలు కావాలె. అయితదని ఎవలన్న కాగితం మీద రాసిస్తరా?

ఇంకోటి. ఉపాధి హామీ పని పల్లెలకే. ఊరు కార్పొరేషన్ డివిజన్ అయిన దినం నుంచి ఆ పని బందు. భూమి లేని కూలోళ్లు మన ఊర్లల ఎంతమందో మీకు ఎరుకే. సర్పంచ్ ఉండడు, గ్రామసభ ఉండదు. ఇయ్యాల చెరువు తూము ఖరాబైతే సర్పంచ్ ఇంటి ముందట కూసుంటం. రేపు ఎవల ఇంటి ముందట కూసోవాలె? రెండు మూడు ఊర్లకు కలిపి ఒక కార్పొరేటర్ ఉంటడు, ఆయన ఊరు మన ఊరు కాకపోవచ్చు.

నేను పట్నానికి పగోణ్ని కాదు. మన కూరగాయలు అమ్ముడుపోయేది గోదావరిఖని మార్కెట్లనే. మన పిల్లలు సదివేది, మనకు రోగమొస్తే పోయేది అటే. పట్నం బాగుండాలె. కానీ బాగుపడాలంటే లోపల ఖాళీగున్న క్వార్టర్లల మనుషులను నింపాలె, తవ్వి వదిలిన బొందలను పూడ్చాలె, పిలగాండ్లకు కొలువులు పెట్టాలె. పక్క ఊరి వరి మడిని గీత లోపలికి గుంజితే పట్నం పెరిగినట్టు కాదు. ఎల్లంపల్లిల గంగ నీళ్లు హైదరాబాద్ దాక పోతున్నయి, మన బొగ్గు కరెంటు దేశమంతా పోతున్నది. అయినా మన దగ్గర మనుషులు నిలవలేదు. ముందు దానికి జవాబు చెప్పాలె.

2027ల మళ్ల జనాభా లెక్కలు ఉన్నయి. ఒక సంగతి యాది పెట్టుకోండ్రి. జనాభా లెక్కల వాళ్లు ఒక ఊరిని సొంతంగ పట్నమని రాయాలంటే 5 వేల జనం ఉండాలె, చదరపు కిలోమీటరుకు 400 మంది ఉండాలె, పనిచేసే మగోళ్లల నూటికి 75 మంది వ్యవసాయం కాని పనిల ఉండాలె. కానీ సర్కారు జీవో ఇచ్చి కార్పొరేషన్‌ల కలిపితే ఇవేవీ చూడరు. ఊర్ల అందరూ నాగలి పట్టినోళ్లే అయినా లెక్కల పట్నపోళ్లే. రేపు ఆ లెక్క చూపించి "రామగుండం జనం పెరిగిండ్రు" అంటరు. పెరిగింది ఎవలు? మనమే. ఉన్న కాడనే ఉన్నం, గీత వచ్చి మన మీద పడ్డది.

అందుకే చేతులు జోడించి అడుగుతున్న. మీ ఊరి పేరు ఆ లిస్టుల వస్తే రేటు సంగతి బ్రోకర్‌ను అడగకుండ్రి. గ్రామసభ పెట్టమని అడుగుండ్రి. మూడు సంగతులు రాతపూర్వకంగ తీసుకోండ్రి: భూమి పోతే గుణకం ఎంత, ఉపాధి పని పోతే కూలోళ్లకు ఏం చేస్తరు, ఇంటి పన్ను ఎంత పెరుగుతది. జవాబు రాకముందు తీర్మానం మీద సంతకం పెట్టకుండ్రి.

ఎకరంన్నర ఉన్న ఆ పిలగానికి కూడ ఈ పోస్టు పంపిన. ఇంకా చూసినట్టు లేడు. మీ ఊర్ల గసుంటోళ్లు ఉంటే మీరు చూపియ్యుండ్రి.