రేటు దిగిన సూరత్‌లో తొలి ఇల్లు

లింబాయత్, ఉధ్నా, డిండోలి. సూరత్‌లో తెలుగు మాట గట్టిగా వినిపించే పేటలివి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి తరాల కిందట బతుకుతెరువు వెతుక్కుంటూ వెళ్లిన పద్మశాలి కుటుంబాలు అక్కడ వేళ్లూనుకున్నాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోందంటే వాళ్ల సంఖ్య ఎంతో ఊహించుకోవచ్చు. తాత అద్దె గదిలో కాపురం పెట్టాడు, తండ్రీ అద్దె గదిలోనే గడిపాడు. మనవడు మాత్రం సొంత ఫ్లాటు కొనాలనుకుంటున్నాడు. సరిగ్గా ఇప్పుడే చుట్టూ ఒక మాట తిరుగుతోంది: ఇళ్ల రేట్లు దిగుతున్నాయి. ఇక ఇంట్లో రోజూ అదే చర్చ. ఇప్పుడే కొనేద్దామా, ఇంకాస్త ఆగుదామా?

చాలామంది దీన్ని ఫ్లాటు ధర గురించిన ప్రశ్నగా చూస్తారు. సూరత్‌లో పని చేసుకు బతికేవాళ్లకు ఇది ముందుగా సంపాదన గురించిన ప్రశ్న.

ఆ ఊరు నిలబడింది వజ్రాల మీద, బట్ట మీద. రెండింటికీ కొన్నేళ్లుగా గడ్డుకాలమే. ఉక్రెయిన్ యుద్ధం తర్వాత జీ7 దేశాలు రష్యా వజ్రాలను 2024 జనవరి 1 నుంచి నిషేధించాయి. వేరే దేశంలో సానబట్టిన రష్యా రాళ్లకూ ఆ మార్చి నుంచి ఆంక్షలు మొదలయ్యాయి. ప్రయోగశాలలో తయారైన వజ్రాలు చవగ్గా దొరకడంతో గని వజ్రాల గిరాకీ తగ్గింది. ఆ పైన 2025 ఆగస్టు 27న అమెరికా భారతీయ సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. అంతకు మూడు నెలల ముందే, 2025 మేలో, పని పోయిన రత్నకళాకారుల (వజ్రాలు సానపట్టేవాళ్ల) పిల్లల బడి ఫీజులకు గుజరాత్ ప్రభుత్వం సాయం ప్రకటించాల్సి వచ్చింది. 2023 డిసెంబరు 17న ప్రధాని ప్రారంభించిన సూరత్ డైమండ్ బోర్స్ సుమారు 67 లక్షల చదరపు అడుగుల భవనం. అంత పెద్ద భవనం కట్టుకున్న ఊళ్లోనే సానపట్టేవాడి పిల్లల ఫీజుకు సర్కారు చెయ్యి అందించాల్సిన రోజు వచ్చింది.

వజ్రాల పనికీ తెలుగు నేతన్నకూ సంబంధమేమిటని ఎవరైనా అడగవచ్చు. సంబంధం ఉంది. వజ్రాల్లో వచ్చిన డబ్బు చాలాకాలంగా సూరత్ భూముల్లోకి, అపార్ట్‌మెంట్లలోకి ప్రవహిస్తూ వచ్చింది. ఆ ప్రవాహం సన్నబడితే ఊరంతటా కొనేవాళ్లు తగ్గుతారు. ఇటు సాంచాల (మరమగ్గాల) మీద పని చేసేవాడికి కూలి నేసిన మీటర్ల లెక్కన వస్తుంది. రంగు వేయని గ్రే బట్టకు గిరాకీ లేకపోతే షిఫ్టులు తగ్గుతాయి, దీపావళి సెలవులు సాగుతాయి, నెల జీతమన్న మాటకు అర్థం ఉండదు. ఇంటి రేటు, ఇంటి కంతు కట్టాల్సిన కూలి, రెండూ ఒకే పడుగు మీద ఉన్నాయి. సూరత్‌లో రేటు దిగిందంటే చాలాసార్లు కొనేవాడి కూలీ దిగినట్టే. చవకగా దొరుకుతున్న ఇల్లు కొనడానికి ధైర్యం చాలని కాలం కూడా అదే. 2008 చివర్లో వజ్రాల పని కుప్పకూలినప్పుడు వేల కుటుంబాలు సౌరాష్ట్రలోని సొంతూళ్లకు మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయాయి. వాళ్లలో కంతులు కడుతున్నవాళ్లకు ఎదురైన కష్టం అద్దెకున్నవాళ్లకు ఎదురు కాలేదు.

ఇప్పుడు కాస్త లెక్క వేద్దాం. 25 లక్షల ఫ్లాటు. చేతి నుంచి 5 లక్షలు, బ్యాంకు అప్పు 20 లక్షలు, వడ్డీ 8.5 శాతం, గడువు 20 ఏళ్లు. నెల కంతు సుమారు 17,356 రూపాయలు. మొదటి ఏడాది కట్టేది 2.08 లక్షలైతే, అందులో అసలు కింద జమయ్యేది 40 వేలలోపే. మిగతా 1.68 లక్షలు వడ్డీ. అదే ఫ్లాటు అద్దెకు 7 వేలకు దొరుకుతుందనుకుందాం. ఏడాదికి 84 వేలు. చేతిలోని 5 లక్షలు బ్యాంకులో ఉంటే ఆరున్నర శాతం చొప్పున ఏడాదికి 32 వేల దాకా వడ్డీ వస్తుంది. కొన్నవాడికి పోయేది వడ్డీ 1.68 లక్షలు, రాకుండా పోయిన ఆ 32 వేలు, కలిపి 2 లక్షలు. ఆగినవాడికి పోయేది 84 వేలు. అంటే ఆ ఏడాదిలో ఫ్లాటు ధర దాదాపు 5 శాతం పెరిగితే తప్ప ఆగినవాడు నష్టపోడు. ధర కదలకపోయినా ఆగినవాడిదే లాభం. దిగితే ఇంకా లాభం.

"అద్దె కట్టడమంటే డబ్బు గంగలో పోయడమే" అని తెలుగిళ్లలో పెద్దలు ఎప్పటి నుంచో చెబుతూ వస్తున్నారు. మొదటి ఏళ్లలో కట్టే వడ్డీ కూడా తిరిగి రానిదే. ధరలు ఏటేటా ఎగబాకే రోజుల్లో పెద్దల మాట నిజం. పడే రోజుల్లో కాదు. అందుకే ఈ కాలంలో తొందరపెట్టేవాళ్లను నమ్మనక్కర్లేదు. "ఈ వారం దాటితే ఆఫర్ ఉండదు" అన్న సేల్స్ కుర్రాడికి వచ్చే వారం కూడా ఆ ఫ్లాటు అమ్మాల్సిన అవసరం ఉంటుంది.

మరి ధరలకు అడుగు తగిలేదాకా ఆగాలా? అడుగు ఎప్పుడు తగులుతుందో ఎవరికీ తెలియదు. దీనికి తెలుగువాళ్ల దగ్గర ఉన్నంత మంచి ఉదాహరణ మరొకరి దగ్గర లేదు: అమరావతి. 2019 డిసెంబరు 17న ఆంధ్రప్రదేశ్ శాసనసభలో మూడు రాజధానుల మాట వచ్చాక అక్కడ ప్లాట్లు కొనే నాథుడు లేకుండా పోయాడు. 2024 జూన్‌లో ప్రభుత్వం మారగానే మళ్లీ కదలిక వచ్చింది. 2020లో కొన్నవాళ్లు ఇప్పుడు తెలివైనవాళ్లుగా కనిపిస్తారు. అప్పట్లో వాళ్లు ఆడింది జూదం. అప్పు చేసి అంతకుముందు కొన్నవాళ్లు మధ్యలో నలిగిపోయిన నాలుగున్నరేళ్లూ ఎవరూ తిరిగి ఇవ్వలేదు. అమెరికాలో 2006 నుంచి 2012 దాకా ఇళ్ల ధరలు దేశం మొత్తం మీద నాలుగో వంతుకు పైగా పడ్డాయి. అక్కడ అడుగు తగలడానికి ఆరేళ్లు పట్టింది.

మనకూ అమెరికాకూ ఒక తేడా ఉంది. అక్కడ కొన్ని రాష్ట్రాల్లో ఇంటి తాళాలు బ్యాంకుకు ఇచ్చేస్తే అప్పు పీడ వదులుతుంది. ఇక్కడ ఇల్లు వేలం వేశాక కూడా మిగిలిన బాకీ మెడ మీదే ఉంటుంది. 30 లక్షల లోపు అప్పులకు ఇంటి విలువలో 90 శాతం దాకా ఇవ్వడానికి రిజర్వు బ్యాంకు అనుమతిస్తుంది. 25 లక్షల ఇంటికి 22.5 లక్షలు తీసుకున్నాడనుకుందాం. ఏడాదిలో ధర 15 శాతం పడితే ఇంటి విలువ 21.25 లక్షలు, బాకీ ఇంకా 22 లక్షల పైన. అమ్మినా అప్పు తీరదు. 90 రోజులు కంతు తప్పితే ఖాతా మొండి బాకీ అవుతుంది. ఆపైన 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు వస్తుంది. సాంచాలు ఆరు నెలలు ఆగిన ఇంట్లో ఈ గడువులు ఎంత త్వరగా కరిగిపోతాయో చెప్పక్కర్లేదు.

వడ్డీ తగ్గింది కదా అంటారు. నిజమే. 2025 ఫిబ్రవరి నుంచి డిసెంబరు లోపు రిజర్వు బ్యాంకు రెపో రేటు 6.5 నుంచి 5.25 శాతానికి దిగింది. 20 లక్షల అప్పు మీద వడ్డీ ఒక శాతం తగ్గితే నెలకు 1,200 రూపాయల పైచిలుకు మిగులుతుంది. సంతోషమే. అయితే 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు ఇచ్చే చలన వడ్డీ గృహరుణాలు రెపో వంటి బయటి ప్రామాణిక రేటుకు కట్టుబడి ఉన్నాయి. రేపు రెపో పెరిగితే ఆ 1,200 అంతే వేగంగా వెనక్కి పోతుంది.

సూరత్‌లో ధర పడటం బోర్డు మీద కనిపించదు. బిల్డరు చదరపు అడుగు రేటు తగ్గించడు. తగ్గిస్తే నిరుడు కొన్నవాళ్లు వచ్చి గల్లా పడతారని భయం. బదులుగా పార్కింగ్ ఉచితం, మాడ్యులర్ కిచెన్ ఉచితం, దస్తావేజు ఖర్చు మాదే అంటాడు. కొనేవాడు మొహమాటం లేకుండా అడగాల్సింది ఒకటే: కిచెన్ వద్దు, ఆ డబ్బు ధరలో తగ్గించు. ధర తగ్గితే అప్పు తగ్గుతుంది, ఇరవై ఏళ్ల వడ్డీ తగ్గుతుంది. గుజరాత్‌లో 4.9 శాతం స్టాంపు డ్యూటీ కూడా ఆ మేరకు తగ్గుతుంది. అయితే జంత్రీ చూసుకోవాలి. అక్కడి ప్రభుత్వం కట్టిన భూమి విలువ అది. 2023 ఏప్రిల్‌లో దాన్ని రెట్టింపు చేశారు. బేరంలో తేలిన ధర జంత్రీ విలువకంటే దిగితే స్టాంపు డ్యూటీ జంత్రీ మీదే పడుతుంది. తేడా 10 శాతం దాటితే ఆ తేడాను కొన్నవాడి ఆదాయంగా లెక్కగట్టి పన్ను అడిగే నిబంధన కూడా ఉంది.

సగం కట్టిన టవర్‌లో బుక్ చేయడం పడుతున్న మార్కెట్‌లో పెద్ద ప్రమాదం. కొత్త బుకింగుల డబ్బుతో పాత పనులు నడిపే బిల్డరుకు బుకింగులు ఆగితే క్రేన్ ఆగుతుంది. నోయిడాలో ఆమ్రపాలి సంస్థ ఇళ్ల కోసం వేలమంది కోర్టుల చుట్టూ తిరిగారు. 2019 జులైలో సుప్రీంకోర్టు స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) కింద ఆ సంస్థకున్న రిజిస్ట్రేషన్ రద్దు చేసి, పని ప్రభుత్వ సంస్థ ఎన్‌బీసీసీకి అప్పగించాల్సి వచ్చింది. రెరా చట్టం వచ్చాక కొంత రక్షణ ఉంది. కొనుగోలుదారుల సొమ్ములో 70 శాతం వేరే ఖాతాలో ఉంచాలి. రిజిస్టరైన ఒప్పందం లేకుండా 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. ఎన్ని ఉన్నా, భవనం వాడుకోవడానికి ఇచ్చే బీయూ పర్మిషన్ వచ్చి, నల్లాలో నీళ్లు, లిఫ్టులో కరెంటు కళ్లారా చూసిన ఇల్లే మొదటిసారి కొనేవాడికి మేలు. దాని మీద జీఎస్టీ కూడా ఉండదు.

ఇంకో ఉచ్చు నోటరీ కాగితం. పేదల పేటల్లో రిజిస్ట్రేషన్ లేకుండా నోటరీ మీదా, జీపీఏ మీదా చేతులు మారే ఇళ్లు చవగ్గా వస్తాయి. అలాంటి కాగితాలతో హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చింది. బ్యాంకు వాటి మీద అప్పు ఇవ్వదు. అప్పు కోసం బయట వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళితే 8.5 శాతం లెక్కలన్నీ తలకిందులవుతాయి. పైగా సూరత్‌లో కొన్ని ప్రాంతాలు కల్లోలిత ప్రాంతాల చట్టం కిందికి వస్తాయి. అక్కడ అమ్మాలన్నా కొనాలన్నా కలెక్టరు అనుమతి ఉండాలి. ఆ అనుమతి లేనిదే బయానా ఇవ్వకూడదు.

ఇక ఎవరు కొనాలి? ఇంట్లో ఒక్క సంపాదనైనా బట్టకూ వజ్రానికీ సంబంధం లేనిదై ఉండాలి. మునిసిపల్ ఉద్యోగం కావచ్చు, ఆసుపత్రిలో నర్సు పని కావచ్చు. ఆరు నెలల కంతులు, ఇంటి ఖర్చు విడిగా బ్యాంకులో ఉండాలి. పిల్లల చదువు అయ్యేదాకా, కనీసం పదేళ్లు, ఆ ఇంట్లోనే ఉండే ఉద్దేశం ఉండాలి. ఇవి ఉన్నవాళ్లు ఇంకా పడుతుందేమోనని భయపడనక్కర్లేదు. బేరం చేయగల బలం ఇన్నాళ్లకు కొనేవాడి చేతికి వచ్చింది, దాన్ని వాడుకోవాలి. ఇంటిల్లిపాదీ ఒకే ఖాతాలో (మరమగ్గాల షెడ్డులో) సాంచాల మీద ఉంటే మాత్రం ఆగడమే మంచిది. అద్దె కడుతూ ఆ ఆరు నెలల నిల్వ పోగుచేసుకోవడం ఓటమి కాదు. చిట్టీ ఎత్తి ముందస్తు సొమ్ము కట్టేవాళ్ల సంగతి మరీ కష్టం. చిట్టీ వాయిదా, బ్యాంకు కంతు ఒకే నెలలో ఒకే కూలి నుంచి రావాలి.

ఊళ్లో ఇల్లు కట్టుకుందామా, సూరత్‌లో కొందామా అన్న తగవు కూడా ఈ కుటుంబాల్లో ఉంది. సొంతూళ్లో కొత్త స్లాబు ఇల్లు వేసి, తాళం పెట్టి, మళ్లీ లింబాయత్ అద్దె గదికి వచ్చేవాళ్లు తక్కువేమీ కాదు. బంధువుల ముందు పరువు దక్కుతుంది, నిజమే. పిల్లలు చదివే బడి, భార్యాభర్తల పని ఉన్న ఊళ్లో మాత్రం తల మీద సొంత కప్పు ఉండదు. తొలి ఇల్లు ఉండాల్సింది కాపురం ఉన్న ఊళ్లోనే.

సర్కారు చేయాల్సిందీ ఉంది. ప్రధానమంత్రి ఆవాస్ యోజన (పీఎంఏవై) అర్బన్ రెండో దశ కింద ఏటా 9 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు, 35 లక్షల లోపు ఇంటికి, 25 లక్షల లోపు అప్పు మీద 1.80 లక్షల దాకా వడ్డీ రాయితీ ఉంది. మీటరు లెక్కన కూలి తీసుకునేవాడు జీతం స్లిప్పు ఎక్కడి నుంచి తెస్తాడు? సాంచాల ఖాతా యజమాని రాసే కూలి పుస్తకాన్ని, బ్యాంకు ఖాతాలో పడే వారం కూలిని ఆదాయపు రుజువుగా తీసుకోవాలి. 2020లో కరోనా వేళ మార్చి నుంచి ఆగస్టు దాకా రిజర్వు బ్యాంకు కంతులకు విరామం ఇప్పించింది. పరిశ్రమ మొత్తం పడకేసినప్పుడు ఆ పరిశ్రమలో పని చేసేవాళ్లకు అలాంటి విరామమే దక్కాలి. బడి ఫీజుకు సాయం చేసిన గుజరాత్ ప్రభుత్వం, ఇంటి కంతు విషయంలో బ్యాంకులతో మాట్లాడే పని తన మీద వేసుకోవాలి. ఆ సాయం రత్నకళాకారుడితో ఆగకుండా సాంచాల కార్మికుడికీ అందాలి.